మట్టికి కట్టిన కంకణం

ఎవరైనా ఒక పని పట్టుదలగా మొదలుపెడితే "కంకణం కట్టుకున్నాడు" అంటాం. పెళ్ళిలో కడతారు, వ్రతంలో కడతారు. కట్టుకున్నవాడు దీక్ష ముగిసేదాకా దాన్ని విప్పకూడదు. ఈ సంప్రదాయం పురోహితుల దగ్గరే మిగిలిందనుకుంటే పొరపాటే సుమండీ. కంప్యూటర్లు విప్పి బాగుచేసే కుర్రాళ్ళు కూడా కట్టుకుంటారు. పసుపుతాడు కాదు, ముంజేతికి బిగించే ఒక పట్టీ. దాన్నించి చుట్టలు తిరిగిన సన్నటి తీగ ఒకటి వేలాడుతూ వుంటుంది. దాని రెండో కొస ఎర్తుకి తగిలిస్తారు. చూడ్డానికి లేగదూడని గుంజకి కట్టేసినట్టే వుంటుంది.

ఎందుకయ్యా ఈ కట్టు అంటే, "మట్టితో సంబంధం తెగిపోకుండా వుండటానికి" అనేదే జవాబు. వేదాంతం చెబుతున్నారేమో అనిపిస్తుంది. కాదు, చరిత్ర. నేను చదువుకున్నది ఆర్ట్సు. ఓముల లెక్క నన్నడిగితే చెప్పలేనేమో గానీ, ఆ తీగ కొస పట్టుకుని కాలంలో వెనక్కి నడవటం మాత్రం నాకిష్టమైన పని. అలా నడిస్తే దాదాపు 300 ఏళ్ళ వెనక ఒక అద్దకంవాడి దగ్గర తేలతాం. దారిలో ఒక టర్కీకోడి, ఒక రాజుగారి మొండితనం, ఒక పండితుడి చావు కూడా తగులుతాయి.

సన్ననారచీర కట్టుకుని పొడిగాలి రోజున విప్పుతుంటే చిటపటమంటుందే, ఆ చిటపట మనిషికి కొత్తదేం కాదు. అంబరనే పసుపుపచ్చని జిగురురాయిని గుడ్డతో రుద్దితే పొట్టునీ పీచునీ లాక్కుంటుందని ప్రాచీన గ్రీకులకి తెలుసు. ఆ రాయిని వాళ్ళు ఎలెక్ట్రాన్ అనేవాళ్ళు. 1600లో విలియం గిల్బర్టు అనే ఇంగ్లీషు వైద్యుడు అయస్కాంతాల మీద పుస్తకం రాస్తూ ఆ మాటనే తీసుకుని ఈ గుణానికి పేరుపెట్టాడు. పేరైతే వచ్చింది గానీ ఆ శక్తి ఎక్కడ నిలుస్తుంది, ఎటు జారిపోతుంది అనేది ఇంకో 129 ఏళ్ళదాకా ఎవరికీ అంతుపట్టలేదు.

అది పట్టుకున్నవాడు స్టీఫెన్ గ్రే. ఇంగ్లండులో కాంటర్బరీ వూళ్ళో బట్టలకి రంగులద్దే కుటుంబంలో పుట్టి, అదే పని చేసి, వయసు మళ్ళాక లండనులో ఒక ధర్మసత్రం లాంటి చోట తలదాచుకున్న మనిషి. 1729లో తన స్నేహితుడు గ్రాన్విల్ వీలర్ ఇంట్లో, గాజుగొట్టం రుద్దితే పుట్టే విద్యుత్తుని జనపదారం వెంట ఎంత దూరం పంపగలమా అని ప్రయత్నాలు మొదలుపెట్టాడు. దారం నేలకి తగలకుండా అడ్డంగా పట్టుదారాలు కట్టి వాటిమీద వేలాడదీశారు. విద్యుత్తు వందల అడుగులు పోయింది. ఒకసారి పట్టుదారం బరువుకి తెగింది. గట్టిగా వుంటుంది కదా అని దాని స్థానంలో ఇత్తడితీగ కట్టారు. అంతే! అవతలి కొసకి ఏమీ చేరలేదు. ఇత్తడితీగ గుండా గోడలోకి, గోడనించి భూమిలోకి మొత్తం జారిపోయింది.

తెగిన ఆ పట్టుపోగు దగ్గరే ఈ కథంతా మొదలైందంటాను నేను. లోకంలో వస్తువులు రెండు రకాలనీ, విద్యుత్తుని పోనిచ్చేవి కొన్ని, ఆపేవి కొన్ని అనీ తెలిసింది అప్పుడే. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి. దారి దొరికితే చాలు, విద్యుత్తు పరుగెత్తేది మట్టిలోకే. మరుసటేడు, 1730లో, గ్రే ఒక చిన్నపిల్లవాణ్ణి పట్టుతాళ్ళతో ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు గాల్లో వేలాడదీశాడు. గాజుగొట్టం దగ్గరికి తెస్తే ఆ 47 పౌండ్ల బాలుడి మొహం మీదికీ చేతుల మీదికీ లోహపు రేకుముక్కలు ఎగిరొచ్చి అంటుకున్నాయి. అంటే మనిషి వొళ్ళు కూడా విద్యుత్తుని నింపుకునే పాత్రే! నేలమీద నిలబడితే ఖాళీ అయిపోతుంది, నేలనించి వేరైతే నిండుతుంది. కంప్యూటరు కుర్రాడి కంకణానికి మూలసూత్రం ఆ పిల్లవాడి ఉయ్యాల్లోనే వుంది.

ఆ తర్వాత సీసా వచ్చింది. హాలెండులోని లైడెన్ నగరంలో ముషెన్‌బ్రూక్ అనే ప్రొఫెసరు గాజుసీసాలో నీళ్ళుపోసి అందులోకి విద్యుత్తు పట్టాలని చూస్తున్నాడు. శాస్త్రం ప్రకారం సీసాని నేలతో సంబంధం లేని పీటమీద పెట్టాలి. ఆయన అలాగే పెట్టేవాడు. కానీ ప్రయోగాలు చూసి ముచ్చటపడిన కునేయస్ అనే లాయరుకి ఆ నియమం తెలియదు. సీసాని చేత్తో పట్టుకున్నాడు, రెండో చేత్తో పైనున్న తీగ ముట్టుకున్నాడు. వొళ్ళు ఝల్లుమంది. పండితుడు పీటమీద పెట్టినన్నాళ్ళూ నిండని సీసా లాయరు చేతిలో నిండింది. చెయ్యి అంటే మనిషి, మనిషి నిలబడింది నేలమీద. అవతలివైపున భూమి వుంటేనే సీసా అంత విద్యుత్తు దాచగలదు. ఇది 1746 మొదట్లో లోకానికి తెలిసింది. అంతకు కొద్దినెలల ముందే జర్మనీలో క్లైస్ట్ అనే ఆయనకి కూడా ఇదే అనుభవం అయింది. ముషెన్‌బ్రూక్ తనే ఆ ప్రయోగం చేసి చూసుకుని, ఫ్రెంచి రాజ్యం మొత్తం రాసిచ్చినా మళ్ళీ చెయ్యనని స్నేహితుడికి రాశాడట.

వెంటనే అది యూరపుకి వినోదమైపోయింది. ఫ్రాన్సులో నొల్లే అనే మతగురువు రాజుగారి ఎదుట 180 మంది భటుల్ని చేతులు పట్టుకుని వరసగా నిలబెట్టి సీసా ముట్టించాడు. అందరూ ఒక్కసారిగా ఎగిరిపడ్డారు. అట్లాంటిక్ అవతల బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1750 క్రిస్మస్ ముందు రెండు పెద్ద సీసాలతో విందుకోసం ఒక టర్కీకోడిని చంపబోయి, కబుర్లలో పడి షాకు తనే తిన్నాడు. కోడి చావటం అటుంచి తనే పోయేవాణ్ణని, ఇలా జరిగిందని చెప్పుకోవటానికే సిగ్గుగా వుందని ఉత్తరం రాశాడు.

నవ్వుకోవటం ఇక్కడితో సరి. ఎందుకంటే ఈ సీసాలో మెరుపే ఆకాశంలో మెరుపు అని ఫ్రాంక్లిన్ వూహించాడు. ఆ రోజుల్లో పిడుగులు పడకుండా చర్చి గంటలు మోగించే ఆచారం వుండేది. వూరికి ఎత్తయిన గోపురం, దానిమీద లోహపు గంట, గంటనించి వానకి తడిసిన తాడు, తాడు కొస పట్టుకుని ఒక మనిషి. పిడుక్కి అంతకంటే మంచి దారి వేసిపెట్టగలమా? 1784లో మ్యూనిక్‌లో వచ్చిన ఒక పుస్తకం 33 ఏళ్ళలో 386 గోపురాల మీద పిడుగులు పడ్డాయని, 103 మంది గంటలవాళ్ళు చచ్చిపోయారని లెక్క చెప్పింది. ఫ్రాంక్లిన్ చెప్పిందల్లా ఆ దారిలోంచి మనిషిని తప్పించి, ఇనపకడ్డీని పెట్టమని. పైకొస ఆకాశంలో వుండాలి, కిందికొస తడిమట్టిలో దిగాలి.

ఆయన వూహని మొదట రుజువుచేసింది ఫ్రెంచివాళ్ళు. 1752 మే 10న మార్లీ అనే పల్లెటూళ్ళో 40 అడుగుల ఇనపకడ్డీ నిలబెట్టి, మబ్బు వచ్చినప్పుడు దాన్నించి నిప్పురవ్వలు రాబట్టారు. ఆ పని చేసింది పండితుడు కాదు, కుఆఫియే అనే ఒక మాజీ సైనికుడు. కబురు వినగానే ఆ వూరి ఫాదిరీ పరుగెత్తుకొచ్చి తనూ చెయ్యి కాల్చుకున్నాడు. ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కడ్డీ మట్టిలో దిగలేదు. విద్యుత్తు నిలవుండాలి కాబట్టి కిందికొసన గాజుసీసాలు పెట్టారు. రక్షణకి పెట్టే కడ్డీ వేరు, పరీక్షకి పెట్టే కడ్డీ వేరు. ఈ తేడాలోనే ఒక మనిషి ప్రాణం పోయింది.

ఆయన పేరు జార్జి రిష్మన్. బాల్టిక్ తీరాన పెర్నావులో పుట్టి, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడెమీలో ప్రొఫెసరయ్యాడు. విద్యుత్తు ఉందో లేదో చూడటంతో ఆయనకి తృప్తి లేదు, ఎంతుందో కొలవాలి. ఒక లోహపుబద్ద, పక్కనే వేలాడే నారదారం. విద్యుత్తు పెరిగినకొద్దీ దారం పక్కకి జరుగుతుంది. ఎన్ని డిగ్రీలు జరిగిందో చూసి రాసుకోవచ్చు. ఇంటికప్పుమీద ఇనపకడ్డీ పెట్టి, అక్కణ్ణించి గదిలోకి తీగ లాగి, దానికి ఈ కొలబద్ద తగిలించాడు. నేలకి మాత్రం దారి లేదు. దారి వుంటే కొలవటానికేం మిగలదు కదా!

1753 ఆగస్టు 6. పాత రష్యన్ పంచాంగం ప్రకారం జూలై 26. అకాడెమీ సమావేశంలో కూర్చునివున్న రిష్మన్‌కి దూరంగా ఉరుము వినిపించింది. లేచి ఇంటికి పరుగుతీశాడు. జరగబోయేది బొమ్మవేసి అచ్చు వెయ్యటానికి సోకొలోవ్ అనే చెక్కడంపనివాణ్ణి వెంటబెట్టుకుని మరీ వెళ్ళాడు. దారం ఎన్ని డిగ్రీల దగ్గరుందో చూడ్డానికి వంగాడు. మొహానికీ లోహపుబద్దకీ మధ్య దూరం ఒక అడుగు. పిడికిలంత నీలపు నిప్పుముద్ద బద్దనించి లేచి ఆయన నుదుటికి తగిలింది. చిన్న ఫిరంగి పేలినట్టు చప్పుడు. నుదుట ఎర్రటి మచ్చ, పగిలిన ఎడమకాలి బూటు, చీలిన ద్వారబంధం. నుదుటినించి పాదం దాకా ఆ వచ్చినది వెతుక్కున్నది మట్టినే. నేలకి మరో దారి లేదు గనక ఆయన వొళ్ళే దారి అయింది.

సోకొలోవ్ కిందపడ్డాడు గానీ బతికాడు. రిష్మన్ ఆ క్షణంలోనే పోయాడు. ఆ వేళకే పక్కనే తన ఇంట్లో ఇలాంటి కడ్డీ దగ్గరే నిలబడ్డవాడు, ఆయన సహచరుడు లొమొనోసోవ్. ఆ సాయంత్రమే ఆయన ఒక పెద్దమనిషికి ఉత్తరం రాశాడు. ఈ చావుని అడ్డంపెట్టుకుని శాస్త్రాన్ని నిందించకుండా చూడమని అడిగాడు. దాంతోపాటు ఇంకో మాట కూడా అడిగాడు. పోయినవాడి భార్యకి జీవితాంతం తిండికి లోటులేకుండా, పసివాడైన కొడుకుని పెంచుకోగలిగేలా ఏదైనా భృతి ఇప్పించమని. శాస్త్రచరిత్ర పుస్తకాల్లో రిష్మన్ కథ నిప్పుముద్ద దగ్గరే ఆగిపోతుంది. నాకు మాత్రం ఆ ఇల్లాలే గుర్తుండిపోయింది. భర్త సమావేశం మధ్యలో ఇంటికి పరుగెత్తి వచ్చాడు, అదే ఇంట్లోంచి శవమై వెళ్ళాడు. ఆ తీగ ఇంకో నాలుగు గజాలు కిందికి దిగి మట్టిని తాకివుంటే ఆవిడకి ఆ భృతి అవసరమే వుండేది కాదు.

మనుషులు పాఠాలు నేర్చుకున్నా తగాదాలు మానుకోరు. కడ్డీ పైకొస సూదిగా వుండాలా, గుండ్రంగా వుండాలా అని ఇంగ్లండులో పెద్ద గొడవ. సూదిగా వుండాలన్నవాడు ఫ్రాంక్లిన్. ఆయన అమెరికా తిరుగుబాటులో చేరాక సూదిమొనలు రాజద్రోహమైపోయాయి! 1777లో పర్‌ఫ్లీట్‌లోని సూదికడ్డీల భవనం మీద పిడుగు పడి కొంచెం దెబ్బతినటంతో, మూడో జార్జి రాజుగారు గుండుకొసల పక్షం వహించారు. తమాషా ఏమిటంటే, 2000 ప్రాంతంలో అమెరికాలో జరిగిన పరీక్షల్లో మరీ సూదిమొన కంటే కాస్త మొద్దుగా వున్నదే పిడుగుని బాగా పట్టిందని తేలింది. పైకొస ఎలావున్నా కిందికొస మట్టిలో వుండాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

తర్వాత భూమి కాపలాదారు మాత్రమే కాకుండా పనిమనిషి కూడా అయింది. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్, టెలిగ్రాఫుకి రెండు తీగలక్కర్లేదు, తిరుగుదారి భూమే ఇస్తుందని కనిపెట్టాడు. మరుసటేడు మన కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టరు టెలిగ్రాఫు ప్రయోగంలో హుగ్లీనది నీళ్ళనే తీగలాగా వాడుకున్నాడు. గంగమ్మ కూడా వార్త మోసిందన్నమాట.

ఇళ్ళలోకి కరెంటు వచ్చాక ఆ కడ్డీ కిందికొసే మన పెరటి ఎర్తుగొయ్యి అయింది. బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, గొట్టం దింపి, నీళ్ళుపోసి పూడుస్తారు. చెమ్మ వుంటేనే మట్టి కరెంటుని పోనిస్తుంది, అందుకే ఎండాకాలం ఆ గొట్టంలో నీళ్ళు పొయ్యమంటారు. తులసికోటకి నీళ్ళు పోసే చేత్తోనే ఒక చెంబు అక్కడా పొయ్యవచ్చు. మన మూడుకాళ్ళ ప్లగ్గులో పైకాలు లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో తెలుసా? అది ఎర్తుకాలు. పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలి. ఇంట్లో పెద్దకోడలి లాగా అందరికంటే ముందు లేవాలి, అందరికంటే చివర పడుకోవాలి. ఎవరి గుర్తింపూ వుండదు, అది లేనిరోజున గానీ విలువ తెలియదు.

కనపడే కరెంటు కథ ఇది. రుద్దితే పుట్టే ఆ పాత చిటపట మాత్రం మళ్ళీ ఆపరేషన్ థియేటర్లలో తలెత్తింది. ఈథరు, 1930ల తర్వాత సైక్లోప్రొపేన్, రెండూ మత్తిచ్చే మందులే, రెండూ రవ్వ పడితే పేలేవే. నైలాను బట్ట చిటపట చాలు, బల్లమీది రోగికి ప్రమాదం. అందుకే నేలకి విద్యుత్తుని పోనిచ్చే గచ్చు, కాళ్ళకి అలాంటి చెప్పులు, నర్సులకి నూలుబట్టలు అని నియమాలు వచ్చాయి. పేలని మత్తుమందులు వచ్చాకే ఆ భయం తగ్గింది.

అక్కణ్ణించి అదే చిటపట కంప్యూటర్లోకి దూరింది. 1960 ప్రాంతంలో బెల్ పరిశోధనశాలలో అటాలా, కాంగ్ అనే ఇద్దరు తయారుచేసిన మాస్ ట్రాన్సిస్టరే నేటి చిప్పులకి మూలపురుషుడు. దాని గుండెలో గాజులాంటి సన్నని పొర ఒకటి వుంటుంది. ఇవాళ్టి చిప్పుల్లో ఆ పొర మన తలవెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా వుండదు. పొడిగాలిలో కార్పెట్టు మీద నాలుగడుగులు వేసిన మనిషి వొంట్లో 35,000 వోల్టుల దాకా చేరవచ్చు, బాగా చెమ్మగా వున్నరోజున 1,500. చేతికి చురుక్కుమని తెలియాలంటే 3,000 దాకా వుండాలి. చిప్పు చావటానికి కొన్ని వందలు చాలు, కొన్నిటికి వంద కూడా అక్కర్లేదు. అంటే మనకి తెలియకుండానే మనం హంతకులం కాగలం. మరి 35,000 వోల్టులు మనల్నెందుకు చంపవు అంటే, వోల్టు అనేది ఎత్తు మాత్రమే. తిరుమల కొండమీదనించి పడినా ఒక్క నీటిచుక్క మన నెత్తిని పగలగొట్టదు. చీమ మీద పడితే మాత్రం అది వరదే. చిప్పు చీమలాంటిది.

అన్నిసార్లూ వెంటనే చస్తుందా అంటే అదీ లేదు. లోపల గాయపడి, పైకి బాగానే పనిచేస్తూ, కొన్ని నెలలకి చెప్పకుండా ఆగిపోవచ్చు. ఇదేదో మనుషుల సంగతిలాగే వుంది కదూ! అందుకే తొలిరోజుల మాస్ ట్రాన్సిస్టర్లని ఫ్యాక్టరీవాళ్ళు కాళ్ళన్నిటినీ కలుపుతూ లోహపు చుట్టు తొడిగి పంపేవాళ్ళు. చంటిపిల్ల కాళ్ళకి కడియంలాగా. బోర్డుమీద అతికించాకే ఆ కడియం తీసేవాళ్ళు. ట్రాన్సిస్టరు కాలికి కడియం, మనిషి చేతికి కంకణం. పెళ్ళి సరంజామా మొత్తం కుదిరింది.

ఇప్పుడు అసలు చిక్కుముడి. మన పెద్దవాళ్ళు స్విచ్చి బాగుచేసేటప్పుడు చెక్కపీట ఎక్కి, రబ్బరుచెప్పులు వేసుకుని మట్టికి దూరంగా వుండమన్నారు. కంప్యూటరువాళ్ళు మట్టికి కట్టేసుకోమంటున్నారు. ఎవరి మాట నిజం? రెండూ నిజమే. పీట మనిషిని కరెంటునించి కాపాడుతుంది, కంకణం చిప్పుని మనిషినించి కాపాడుతుంది. మట్టికి కట్టేసుకున్న మనిషి పొరపాటున కరెంటుతీగ ముట్టుకుంటే రిష్మన్ గతే. ఈ ధర్మసంకటానికి ఇంజనీర్లు చూపిన పరిష్కారం ఆ పట్టీలో కనపడకుండా దాగిన చిన్న గింజ. పదిలక్షల ఓముల నిరోధకం అది. వొంట్లోని చిటపటని సెకనులో వెయ్యోవంతులోపే జార్చేస్తుంది. 230 వోల్టుల కరెంటు వచ్చిపడినా, మనిషికి తెలిసీ తెలియనంత మాత్రమే పోనిస్తుంది. చిన్నవాడు వెళ్ళవచ్చు, పెద్దవాడికి ప్రవేశం లేదు. అంత తెలివైన గుమ్మం! అందుకే పట్టీ బదులు ఉత్త రాగితీగ చేతికి చుట్టుకోవటం ప్రాణాంతకం.

ఇంట్లో పిల్లలు కంప్యూటరు డబ్బా విప్పుతామంటే ముందు ప్లగ్గు పీకించండి. 1995 తర్వాతి నమూనాల్లో పైన ఆపేసినా లోపలి బోర్డుకి 5 వోల్టులు అందుతూనే వుంటాయి. తర్వాత ఆన్ చేసే మీట కాసేపు నొక్కిపట్టి మిగిలింది ఖాళీ చెయ్యాలి. ఏ భాగాన్నైనా ముట్టుకోబోయే ముందు డబ్బాలో రంగులేని లోహాన్ని పట్టుకోవాలి, పట్టీ వుంటే దానికే తగిలించుకోవాలి. చిప్పుకీ మనిషికీ ఎచ్చుతగ్గులు లేకపోతే రవ్వ పుట్టదు. ఇక మూలనున్న పవర్ సప్లయి పెట్టెని మాత్రం ఇంట్లో విప్పనే కూడదు. అందులోని కెపాసిటర్లు లైడెన్ సీసాకి మునిమనవలు. ప్లగ్గు పీకేశాక కూడా 300 వోల్టుల పైచిలుకు దాచుకుని కూర్చోగలవు.

కొన్ని ఇళ్ళలో కంప్యూటరు రేకు ముట్టుకుంటే జివ్వుమంటుంది. చలిమూలంగానో, చేతితడి మూలంగానో అని సర్దుకుపోతారు. అది ఎర్తు లేదని డబ్బా చెబుతున్న మాట. కరెంటులో సగందాకా వోల్టేజి ఆ రేకుమీదికి వచ్చి, మట్టికి దారిలేక, మీ వేలికోసం ఎదురుచూస్తోంది. ఇప్పుడు జివ్వుమనటమే, లోపల ఒక తీగ తొడుగు చిట్లి రేకుకి తగిలిననాడు జివ్వుతో ఆగదు. మూడోకాలికి తీగే తగిలించకుండా గోడకి అలంకారంగా ప్లగ్గుపెట్టె బిగించిన ఇళ్ళు, మూడుకాళ్ళని రెండుకాళ్ళు చేసే అడాప్టర్లు, ఉత్త తీగల్ని రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలు దిగ్గొట్టే నేర్పరులు మనలో తక్కువేం కాదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తు పరీక్ష చేయించటానికి ఒక పూట చాలు.

గ్రే పట్టుపోగు తెగి మూడువందల ఏళ్ళు కావస్తోంది. ఇన్నేళ్ళలో మనిషి మెరుపుని కడ్డీకెక్కించాడు, తీగలో పారించాడు, వెంట్రుకలో పదివేలోవంతు పొరమీద ఆడించాడు. కానీ దాన్ని చివరికి ఎక్కడ దించాలి అన్న ప్రశ్నకి జవాబు మారలేదు. ఎంత ఎత్తుకెగిరినా దిగవలసింది మట్టిలోకే. ఆ దారి ముందుగా వేసిపెట్టకపోతే, దారి కాబోయేది మన ఇంట్లో మనిషే.